తమ్ముడి చేతిలో తగ్గుతూ వచ్చిన లెక్క

ఈ వైద్యం సంగతి మొదట నాకు చెప్పింది శరణమ్మ. తాండూరులో మా వీధి చివరి మందుల దుకాణంలో పనిచేస్తుంది. మా తమ్ముడు మల్లేశం మందుల చీటీ ఐదేళ్లుగా ఆమె చేతి మీదుగానే పోతోంది. ఒకరోజు చీటీ చూసి, గోలీలు తీయకుండా అట్లాగే నిలబడింది.

"ఎన్నిసార్లు మార్చిన్రక్కా గీ గోలీలు? గిన్నేండ్లకు తగ్గలేదంటే ఇంకోటి చూడాలె. వికారాబాద్‌ల ఒక డాక్టరు అయస్కాంతం మిషన్ తెచ్చిండంట. కరెంటు షాక్ గాదు, సూది గాదు. తల మీద పెడ్తరు, టకటక కొడ్తది, అంతే. జర పోయి అడుగు."

ఆమెకు రుణపడి ఉన్నానని ముందే చెప్పి మిగతాది రాస్తాను.

నేను దయ్యాలను ఎన్నడూ నమ్మలేదు. బడికి పోలేదు కానీ మా నాయన భజన పుస్తకం ముందు పెట్టుకొని నాకు అక్షరాలు నేర్పాడు. పొద్దున దీపం పెడతాను, తిన్న ప్రతి ముద్దకూ దేవుడికి దండం పెడతాను. దేవుడున్న ఇంట్లో ఇంకొకటి ఎట్లా ఉంటుందని అందరితో వాదించేదాన్ని. ఇప్పుడు ఎవరితోనూ వాదించడం లేదు.

మాది కోట్‌పల్లి దగ్గర గొర్లు కాసే ఇల్లు. మల్లేశం కూడా గొర్ల వెంట పెరిగినవాడే. ఐదేళ్ల కింద వాడికి మనసు కుంగిపోయే ఈ జబ్బు మొదలైంది. ఏ కారణమూ లేదు. తిండి తగ్గింది, మాట తగ్గింది, మందను అమ్మేశాము. పోయిన ఏడాది ఒక పొద్దున కోట్‌పల్లి చెరువు కట్ట మీది నుంచి ఊరివాళ్లు వాడిని చేతులు పట్టుకొని ఇంటికి తెచ్చారు. ఆ రోజు నుంచి నా దగ్గరే, తాండూరులో ఉంచుకున్నాను. రోజూ పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని, వాడు ఊపిరి తీస్తున్నాడా అని చూడడం.

వికారాబాద్ డాక్టరు మంచివాడు. అంతా నెమ్మదిగా చెప్పాడు. ముప్పై సిట్టింగులు, వారానికి ఐదు. మొదటి రోజు మిషన్‌ను తలకు ఎడమవైపు ఆనించి, కుడిచేతి బొటనవేలు ఎగిరే చోటు వెతికాడు. ఎంత బలం పెట్టాలో ఆ వేలిని చూసే తెలుసుకుంటారట. టక్‌మన్నప్పుడల్లా వేలు ఎగిరింది. తర్వాత మిషన్‌ను కొంచెం ముందుకు జరిపి వైద్యం మొదలుపెట్టాడు. మల్లేశం మేలుకొనే ఉన్నాడు. కాసేపటికి అయిపోయింది.

మధ్యాహ్నం రైలు ఎక్కాము. ధారూర్ దాటాక వాడు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఒళ్లో పెట్టుకున్న కుడిచేతి బొటనవేలు కదలడం మొదలైంది. మిషన్ అదురు ఇంకా పోలేదేమో అనుకున్నాను.

రెండో రోజు కూడా ధారూర్ దాటాకే కదిలింది. ఈసారి ఊరికే అదరడం కాదని చూడగానే తెలిసిపోయింది. బొటనవేలు చిటికెనవేలు కింది కణుపు మీద ఆనింది, పైకి జరిగింది, పక్క వేలికి పోయింది. నాలుగు వేళ్లకు పన్నెండు కణుపులు. పన్నెండు కాగానే ఎడమచేతిలో ఒక వేలు ముడుచుకుంది.

సాయంత్రం దొడ్డి వాకిట్లో మావాళ్లు గొర్లను లెక్కపెట్టేది ఇట్లాగే. నోటితో పెట్టరు. జీవాల లెక్క నోటితో అంటే తరిగిపోతాయని మా ఇళ్లల్లో భయం. అందుకే నేను కూడా మనసులోనే లెక్కపెట్టాను. రెండు వేళ్లు ముడిచి, నాలుగు కణుపులు. ఇరవై ఎనిమిది. అక్కడ వేలు ఆగింది. మళ్లీ మొదటి నుంచి మొదలైంది, మళ్లీ అక్కడే ఆగింది.

మూడో రోజు ఇరవై ఏడు.

నాలుగో రోజు ఇరవై ఆరు.

రోజుకొకటి తగ్గే లెక్క అంటే మావాళ్లకు ఒకటే అర్థం, మందకు రోగం తగిలిందని. అమ్మేసిన మంద లెక్క వాడి చేతిలో ఎందుకు తగ్గుతోందో నాకు తెలియలేదు. ఆఖరుకు ఏమీ మిగలని రోజు వాడికి ఏమవుతుంది? ఆ ఒక్క ప్రశ్న పెట్టుకొని ఐదు వారాలు తిరిగాను.

ఇంకొక కష్టం, వాడికి నయమవుతోంది. మూడో వారంలో రెండో రొట్టె అడిగాడు. నాలుగో వారంలో నన్ను ఎక్కిరించాడు: "నీ పూజ గంట చప్పుడుకన్న ఆ మిషనే నయమక్కా." నవ్వాను, వంటింట్లోకి పోయి ఏడ్చాను. వైద్యం ఆపమని ఏ నోటితో చెప్పను?

ఆఖరి వారంలో లెక్క మూడుకు వచ్చింది. ఇక నా వల్ల కాలేదు. మరుసటి రోజు పొద్దున డాక్టరుకు అంతా చెప్పాను, అంకె తప్ప. అంకె అడిగితే మూడు వేళ్లు చూపించాను. "నోటితో చెప్పమ్మా, మిషన్ ఏమీ అనుకోదు" అని నవ్వాడు కానీ, వెంటనే నవ్వు ఆపేసి తమ్ముడిని పరీక్షించాడు. ఫిట్సు ఏమైనా ఉన్నాయేమోనని తలకు వైర్లు పెట్టి చూశాడు. ఏమీ లేదు. అప్పుడు కార్డు తీసి నా ముందు పెట్టాడు. మిగిలిన సిట్టింగులు మూడు.

"నిద్రలో తన సిట్టింగులే లెక్కపెట్టుకుంటున్నాడమ్మా. ఎప్పుడు అయిపోతాయా అని మనసులో ఉంటుంది కదా."

ఇన్ని రోజులు కార్డు నా సంచిలోనే ఉంది. ఒక్కసారి కూడా పోల్చి చూడలేదు. సిగ్గుపడ్డాను, దేవుడికి దండం పెట్టుకున్నాను. గుండె మీది బండ దిగినట్టయింది.

ఆ తేలికతోనే ఆ మధ్యాహ్నం రైల్లో మల్లేశానికి చెప్పి నవ్వబోయాను. వాడు నవ్వలేదు. తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు.

"చెయ్యి నాదే, లెక్క నాది గాదక్కా. నిద్ర పట్టంగనే ఎవడో ఎనుక నిలబడ్తడు. తడి గొంగడి వాసన వస్తది. జర నీ చెయ్యి ఇయ్యి అంటడు, ఇస్త. అంతే నాకెరుక."

"ఎవరు తమ్మీ?"

"ఎనుకకు తిరగబుద్ధి గాదు. నువ్వు కూడా అడగకు."

అడగలేదు. ముప్పయ్యో సిట్టింగు రోజు ధారూర్ దాటింది. వాడు నిద్రపోయాడు. నేను చేతి మీది నుంచి కన్ను తిప్పలేదు. బొటనవేలు కదల్లేదు. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, ఎదురు సీటు ఆమె నన్ను వింతగా చూసింది. తాండూరు వచ్చేదాకా మళ్లీ ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. రైలు ఆగగానే వాడు కళ్లు తెరిచాడు.

"ఏందక్కా, నా చెయ్యి ఎవడన్న ఎత్తుకపోతున్నడా, గట్ల చూస్తున్నవ్? ఆకలైతుంది. మిర్చీలు తిందాం పా."

ఆ మిర్చీల రుచి బతికినంత కాలం మరువను. మల్లేశం ఇప్పుడు బాగున్నాడు. మందులు కొన్ని వాడుతున్నాడు, పనికి పోతున్నాడు. ఇక్కడితో ముగిసి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

రెండు వారాల తర్వాత చూపించుకోవడానికి మళ్లీ వికారాబాద్ పోయాము. తమ్ముడు లోపలికి పోయాడు. బయట బెంచీ మీద ఒక తల్లి, ఆమె భుజం మీద తల పెట్టి నిద్రపోతున్న కూతురు. పేరు హారిక, డిగ్రీ చదువుతోంది. వాళ్లకు అక్కడే కిరాణా దుకాణం ఉందట. తల్లి తనంతట తనే చెప్పింది: "ఇయ్యాల ఎనిమిదోది అయింది. ఇంక ఇరవై రెండున్నయి. బిడ్డ నిన్న టీవీ పెట్టుమన్నదమ్మా, ఆరు నెలలైంది గా మాట ఇని."

సంతోషంగా ఆ పిల్ల వైపు చూశాను. ఆ పిల్ల బొటనవేలు చిటికెనవేలు కింది కణుపు మీద ఆని ఉంది.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఆ బెంచీ దగ్గర తడి గొంగడి వాసన వచ్చింది. వేలు జరిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది. మళ్లీ మొదలైంది. నాలుగు దగ్గరే ఆగింది. మూడుసార్లు చూశాను. ఇరవై రెండు రావలసిన చోట నాలుగు.

ఊరుకొని ఉండవలసింది. ఊరుకోలేకపోయాను. మా తమ్ముడి సంగతి మొదటి నుంచి చెప్పాను, నాలుగు అని నోటితోనే అన్నాను, డాక్టరుకు చూపించమన్నాను. తల్లి మొహం మాడిపోయింది. కూతురి పిడికిలి మూసేసింది.

"ఏం మాటలమ్మా గివి? మేం దుకాణం నడుపుకునేటోళ్లం. గొర్ల లెక్క మా బిడ్డకెట్ల ఎరుకైతది?"

అదే నేనూ అడగాలనుకున్నది. డాక్టరుకు కూడా చెప్పి వచ్చాను. కనిపెట్టి చూస్తానన్నాడు.

నెల తర్వాత పోయినప్పుడు నర్సును అడిగాను. హారిక ఆ తర్వాత నాలుగు సిట్టింగులకు వచ్చింది. పన్నెండుతో ఆపేశారు. ఎందుకో చెప్పలేదు, ఫోను చేస్తే ఎత్తడం లేదు. దుకాణం వెతుక్కుంటూ పోయాను. షట్టరు దించి ఉంది. మళ్లీ వారం పోయాను, దించే ఉంది. పక్కవాళ్లకు తెలియదు.

నా మాటలకు భయపడే ఆ తల్లి వైద్యం ఆపేసిందా? అదే నిజమైతే, నేను నోరు తెరవక ముందే ఆ వేలికి నాలుగే అని ఎట్లా తెలుసు? ఆగింది సిట్టింగులేనా, ఇంకేదైనానా? ఎంత ఆలోచించినా నాకు తెగడం లేదు. మా తమ్ముడిని బతికించిన వైద్యం అది. దానికి చేతులెత్తి మొక్కుతాను. ఆ వైద్యానికి ఒక పిల్లను దూరం చేశానేమోనన్న భయం మాత్రం దీపం ముందు కూర్చున్నా పోవడం లేదు.

మల్లేశం కోసం మీరు మొక్కనక్కరలేదు, వాడికి దేవుడు ఇచ్చాడు. మీరు ఏ దేవుడి ముందు నిలబడినా, ఒక్కసారి ఆ హారికను తలుచుకోండి. ఆమె క్షేమంగా ఉందో లేదో తెలియకుండా మొక్కుతున్నాను, మీరూ అట్లాగే మొక్కండి.