మూడో షెడ్డు టక్కుమనలేదు

అతన్ని అందరూ టెస్టర్ బాబాయ్ అంటారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఎప్పుడూ కరెంటు టెస్టరే ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఎవరి కారు వాళ్లే కడుక్కునే షెడ్లలో మిషన్లు మొరాయిస్తే అతనికే కబురు వెళ్లేది. ముప్ఫయ్యేళ్లుగా అదే పని. మీటరు కన్నా చెవి మీదే అతనికి గురి. మీట తిప్పగానే గోడకున్న పెట్టెలో మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టర్ టక్కుమందంటే కరెంటు అక్కడిదాకా వచ్చినట్టే, లోపం మోటారు వైపు. టక్కుమనలేదంటే లోపం ఇవతలే, మీటలోనో సన్న వైర్లలోనో. "దాని రోగం అదే చెబుతుంది, వినే ఓపిక మనకుండాలి" అనేవాడు.

ఆ వేసవిలో ఊరి చివర షెడ్లు నడిపే అమ్మాయి ఫోన్ చేసింది. మూడో షెడ్డులో నురగ బాగానే వస్తోందట. నీళ్ల వైపు మీట తిప్పితే మాత్రం పెద్ద పంపు ఒకసారి తిరుగుతుంది, ఒకసారి ఉలుకూ పలుకూ ఉండదు. కారు ఒంటినిండా నురగ పెట్టుకుని నిలబడ్డవాళ్లు తననే తిడుతున్నారని వాపోయింది.

బాబాయ్ వెళ్లాడు. మీట తిప్పి, పెట్టె దగ్గర చెవి పెట్టాడు. టక్కుమంది, పంపు తిరగలేదు. అయితే మోటారు వైపే అనుకుని అక్కడి వైర్లన్నీ బిగించి వచ్చాడు. మర్నాడు మళ్లీ అదే తంతు. ఈసారి మోటారు కేబులే మార్చేశాడు. రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్లీ మొదటికొచ్చింది.

మూడోసారి భార్య కూడా వెంట వచ్చింది. పని కాగానే ఇద్దరూ ఆమె చెల్లెలింటికి వెళ్లాలి. ఆమె షెడ్డు నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"బాబాయ్, ఏమీ అనుకోకు. కంపెనీ వాళ్లని పిలవమంటావా?" అంది షెడ్ల అమ్మాయి, నెమ్మదిగానే. మాట మెత్తనిదే, గుచ్చుకుంది మాత్రం సూదిలా.

"ఒక్క పూట ఆగమ్మా" అని బాబాయ్ మీట తిప్పాడు. "ఇదిగో, టక్కుమంది! ఖాయంగా మోటారే."

"ఎక్కడండీ? అది పక్క షెడ్డులో కారు డోరు వేసిన చప్పుడు" అంది భార్య.

"నాకూ పెట్టెలోంచి ఏమీ వినపడలేదు బాబాయ్" అంది అమ్మాయి.

బాబాయ్ చెయ్యి మీట మీదే ఉండిపోయింది. ముప్ఫయ్యేళ్లు విన్న చప్పుడు. మీట తిప్పితే చాలు, తలలో దానంతటదే మోగుతోంది. "ఈ పంపుల హోరులో ఏం వినపడుతుందిలే" అని గొణిగాడు, అడక్కుండానే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుగా ఉందని అతనికే తెలిసింది.

భార్య ఆ మాట పట్టించుకోలేదు. లేచి వచ్చి పెట్టె పక్కన నిలబడింది. "మీరు తిప్పండి, నేను వింటా."

"టక్... ఇప్పుడు రాలేదు... టక్... రాలేదు... ఇదీ రాలేదు." పదిసార్లు తిప్పితే నాలుగుసార్లు కాంటాక్టర్ నోరు మెదపలేదు. అది పలకనప్పుడు బాబాయ్ మీటరు పెట్టి చూశాడు. మీటలోకి ఇరవై నాలుగు వోల్టులు వస్తున్నాయి, అవతలికి సున్నా. మెయిన్ ఆపి మీట ఉన్న డబ్బా విప్పాడు. మూత కింద రబ్బరు చీకిపోయి తేమ లోపలికి చేరింది. నీళ్ల వైపు పాయింటు మీద పచ్చగా చిలుం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. కొత్త మీట, కొత్త రబ్బరు వేసి, వైరు దూరే కంత కూడా మూసేశాడు.

"ఇరవైకి ఇరవై!" అని భార్య లెక్కపెట్టి చప్పట్లు కొట్టింది.

బాబాయ్ సామాన్లు సర్దుకుని అమ్మాయి దగ్గరికి వెళ్లాడు. "తప్పు నాదేనమ్మా. రావాల్సిన చప్పుడు రాకపోయినా వచ్చిందనుకున్నా. ఆ కేబులు మార్చాల్సిన పనే లేకపోయింది."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదా బాబాయ్" అంది ఆ అమ్మాయి. కుర్చీ తెచ్చి అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

బస్టాపు వైపు నడుస్తూ బాబాయే మొదలుపెట్టాడు. "నీకో సంగతి చెప్పాలి."

"ఎడమ చెవి గురించేనా?"

అతను టక్కున ఆగిపోయాడు. "నీకెలా తెలుసు?"

"పెళ్లయినప్పటి నుంచీ మీ ఎడమ పక్కనే నడిచేదాన్ని. ఏడాదిగా కుడిపక్కకి మారాను. మీరు చూసుకోనేలేదు."

"మరి చెప్పవేం?"

"మీకు ఆ చెవంటే ఎంత గర్వమో నాకు తెలీదా? ఆ మాట నేనంటే మీరు తట్టుకోలేరు. మీ నోటే వస్తే నేను తట్టుకోగలను. అందుకే ఎదురుచూస్తున్నా."

బాబాయ్ జేబులోంచి టెస్టర్ తీసి చూసుకున్నాడు. "ఇక పని మానేయాలేమో" అన్నాడు.

"ఎందుకట? మీటరుంది, కళ్లున్నాయి, నేనున్నా. చెల్లెలు ఎక్కడికీ పోదు. ముందు డాక్టరు దగ్గరికి పదండి."

పంపుల హోరే ఎడమ చెవిని తినేసిందన్నాడు డాక్టరు. కుడిచెవి కూడా సగమే పనిచేస్తోందట. కొన్నాళ్లకు దానికో వినికిడి మిషను అమర్చారు. అది వచ్చేదాకా దూరపు పనులన్నిటికీ భార్యే తోడు వెళ్లింది. నీళ్లు కారే డబ్బా చూడగానే "ముందు రబ్బరు చూడండి" అనేంత పని నేర్చేసుకుంది కూడా.

మిషను పెట్టుకున్న మర్నాడు పొద్దున బాబాయ్ చెప్పులు తొడుక్కుంటూ ఉంటే వంటగదిలోంచి సన్నగా కూనిరాగం వినిపించింది. వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నువ్వు పాటలు మానేశావనుకున్నానే."

"మానితే కదా!" అంది ఆమె, గిన్నె తోముతూనే.

"అయితే ఇంకోటి పాడు."

ఆ రోజు బాబాయ్ పనికి అరగంట ఆలస్యంగా వెళ్లాడు.