గిల్టు హారం, వెండి కడియాలు

పొద్దున ఆరింటికి త్రినాథరావు స్కూటరు ముందు నగల పెట్టె పెట్టుకుని షూటింగుకి బయలుదేరేవాడు. సాయంత్రం తిరిగొచ్చిన నగల్ని తుడిచి, ఆరబెట్టి, పాత పంచె ముక్కల్లో చుట్టి సర్దడం వరకే భార్య నాగేశ్వరి పని. మద్రాసులో ఉన్నన్నాళ్లూ అంతే, కృష్ణానగర్‌కి వచ్చాకా అంతే. ఆయన పోయి రెండు నెలలైంది. ఇప్పుడు ఆరింటికి పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చునేది ఆవిడే.

అద్దె నగల పని ఆవిడ చేతిలో నిలుస్తుందో లేదో ఈ సినిమాతో తేలిపోతుంది. మేనేజరు సూర్యప్రకాశరావు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఆయన ఉన్న రోజులు వేరమ్మా. ఒక్క మాట వచ్చినా వేరేవాళ్లని చూసుకుంటాను."

నాలుగో రోజే మాట వచ్చింది. ఫిల్మ్‌నగర్ కొండ మీద బంగళాలో షూటింగ్. జమీందారు భార్య వేషం కట్టినామె మెడలో కాసులహారం రాగి చెంబులా ఎర్రగా కనిపిస్తోంది. షాటు ఆపేశారు.

"ఇదేనా అమ్మా మీ సరుకు? మూడు రోజులకే రంగు దిగింది," అన్నాడు సూర్యప్రకాశరావు.

నాగేశ్వరి హారాన్ని వెనక్కి తిప్పి చూసింది. కాసుల సందుల్లో చింతపండు పిప్పి ఇరుక్కుని ఉంది.

"దీన్ని ఎవరు తోమారు?"

కాస్ట్యూమ్స్ చూసే జంగయ్య తల గోక్కుంటూ ముందుకొచ్చాడు. "నేనే అక్కా. పొద్దుగాల చూస్తే చెమటకు నల్లగైంది. జర మెరవాలె గదా అని చింతపండు, బూడిద పెట్టి రుద్దిన. ఇంట్ల బిందెలు గట్లనే తోముతం."

"బిందె మొత్తం ఇత్తడే జంగయ్యా. ఎంత తోమినా కింద ఇత్తడే ఉంటుంది. ఇది రాగి. పైన బంగారం ఉల్లిపొరంత. నువ్వు మురికి తియ్యలేదు, పూత తీసేశావు."

"జర మెల్లగ చెప్పక్కా. నేను బిందెలు తోముతనని ఊరంతా ఎర్కైతది."

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నాగేశ్వరి నవ్వలేదు. పెట్టెలోంచి ఇంకో హారం తీసి సూర్యప్రకాశరావు చేతిలో పెట్టింది.

"ఇవాళ్టికి ఇది వాడండి. ఇక మీదట పెట్టె నా దగ్గరే ఉంటుంది. పౌడరు, సెంటు అన్నీ అయ్యాకే నగ పెట్టాలి. తీసిన వెంటనే నా చేతికివ్వాలి. చెమట తుడిచేది నేను."

"త్రినాథరావుగారు ఏనాడూ ఇలా సెట్లో కూర్చోలేదే."

"ఆయన చెబితే వినేవాళ్లండీ. నేను కూర్చుంటేగాని వినరు."

సూర్యప్రకాశరావు గడియారం చూసుకున్నాడు. "సరే, కూర్చోండి. రేపు ముసలి పనిమనిషి సీనుంది. ఆమెకి పెట్టే వెండి కడియాలు నల్లబడ్డాయి, అద్దంలా చేసి తీసుకురండి. వెండిని తోమొచ్చుగా?"

"తోమొచ్చండీ. వెండికేం కాదు."

సాయంత్రం ఇంటికొచ్చి గిల్టు నగలన్నీ మెత్తటి గుడ్డతో అద్దింది. గాలికి ఆరనిచ్చింది. ఒకదానికొకటి రాసుకోకుండా విడివిడిగా చుట్టి, చెమ్మ లాగడానికి పెట్టెలో సుద్దముక్కలు వేసింది. చివరికి కడియాలు మిగిలాయి. కూర్చుంటే అరగంట పని.

దీపం దగ్గర పెట్టి చూసింది. ఒరుసుకునే చోట వెండి తెల్లగానే ఉంది. తీగ చెక్కిన గీతల్లోనే నలుపు. నలభై ఏళ్లు అంట్లు తోమిన పనిమనిషి చేతికి, గీత గీతా శుభ్రం చేసుకునే తీరికెక్కడిది? ఇవి అద్దంలా మెరిస్తే నిన్ననే కొన్నట్టుంటాయి. అడుగుదామని అలవాటుగా పక్కకి తిరిగింది. ఖాళీ కుర్చీ ఉంది.

రేపు సూర్యప్రకాశరావు అడిగితే తనే చెబుతుంది. నచ్చకపోతే వేరేవాళ్లని చూసుకోమంటుంది.

కడియాల్ని తోమకుండానే గుడ్డలో చుట్టి, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టింది.