లిఫ్ట్ తర్వాత మెట్లు

మియాపూర్ మెట్రో కింద పొద్దున ఏడుంబావుకు బయల్దేరే తెల్ల కంపెనీ బస్సులో ఒక నియమం ఉంది. అది కంపెనీ పెట్టింది కాదు, డ్రైవర్ పుల్లయ్య పెట్టింది. "మెట్లు" పాట వస్తున్నప్పుడు బస్సులో ఎవరూ మాట్లాడకూడదు. ఫోనొస్తే కట్ చేసుకోవాలి, తుమ్మొస్తే ఆపుకోవాలి. ఓసారి ఒక మేనేజరు ఆ పాట మధ్యలో ఏదో మీటింగులో ఉండి గట్టిగా మాట్లాడుతుంటే పుల్లయ్య అద్దంలోంచి ఒక్క చూపు చూశాడు. పాపం ఆ మేనేజరు మిగతా మీటింగంతా తలూపుతూనే కానిచ్చాడు.

పుల్లయ్యకు యాభై నాలుగేళ్ళు. కడప జిల్లా ముద్దనూరు మనిషి. అక్కడ పద్దెనిమిదో ఏట నాపరాళ్ళ లారీ ఎక్కి ఇరవయ్యేళ్ళు తోలాడు. తర్వాత పెళ్ళాన్ని తీసుకుని వచ్చి నిజాంపేటలో కాపురం పెట్టాడు. అప్పట్నుంచీ సాఫ్ట్‌వేర్ పిల్లల్ని మియాపూర్ నుంచి సైబర్ టవర్స్ దాకా చేరవేస్తున్నాడు. భుజం మీద తువ్వాలు, జేబులో వక్కపొడి. ఇలాంటి మనిషి రాక్ బ్యాండుకు అభిమాని ఏమిటని మీకు నవ్వొస్తే నవ్వుకోండి. అలా నవ్వినవాళ్ళ సంగతి ఏమైందో చెప్పడానికే ఇదంతా.

ఆరేళ్ళ కిందట బస్సులో రేడియో మూగబోయింది. రోజూ ముందు సీట్లో కూర్చునే కిరణ్మయి అనే రాజమండ్రి అమ్మాయి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చింది. "మన హైదరాబాద్ బ్యాండేనండి. ఒక్కసారి వినండి, నచ్చకపోతే తీసేద్దురు గాని," అంది. ఆ బ్యాండు పేరు గుండురాయి. కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నలుగురు ఉద్యోగస్తులు కలిసి మొదలుపెట్టిన బ్యాండు అది. మొదటి రోజు పుల్లయ్య ఆల్విన్ చౌరస్తా దాటేలోపే ఆపేద్దామని చెయ్యి చాపాడు. ముందు ఆటో అడ్డం రావడంతో ఆ చెయ్యి స్టీరింగ్ మీదికి పోయింది. ఆ ట్రాఫిక్ కదిలేసరికి పాట అతన్ని పట్టేసింది.

పట్టడమంటే మామూలుగా పట్టలేదు. గుండురాయి వాళ్ళవి మొత్తం మూడు ఆల్బమ్‌లు. మూడింటి మీదా పుల్లయ్యకు తిరుగులేని అభిప్రాయాలున్నాయి. అడిగినవాళ్ళకూ చెప్తాడు, అడగనివాళ్ళకూ చెప్తాడు. మొదటిదైన "కిరాయి ఇల్లు" గురించి, "కోపముండాది, అదుపు ల్యా. ఫస్టు గేర్లోనే అరవై పోవాలంటే ఇంజిన్ అరవక ఏం చేస్తాది?" అంటాడు. మూడోది "ఆకాశం". దాంట్లో వయొలిన్లు, సన్నాయిలు, పిల్లల కోరస్సు అన్నీ ఉన్నాయి. "పప్పులో ఉప్పు మర్సిపోయి జీడిపప్పు ఏసినారు," అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

ఇక రెండోది "లిఫ్ట్ పనిచేయదు". ఆ పేరెత్తితే చాలు, మనిషి సీట్లో నిటారుగా కూర్చుంటాడు. అందులో ఎనిమిది పాటలు. మియాపూర్‌లో బస్సు కదలగానే "అమ్మ ఫోను" మొదలవుతుంది. ఒకే ఒక గిటారు, తిన్నావా అని అడిగే తల్లి. తర్వాత వరసగా "బ్యాడ్జి", "చౌరస్తా", "దుమ్ము". కొత్తగూడ వచ్చేసరికి "కుర్చీ". ఆ పాట పుల్లయ్యకు నచ్చదు. అయినా అది అక్కడ ఉండాల్సిందేనని వాదిస్తాడు. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు కాసేపు చదును రోడ్డు కావాలట. ఆ తర్వాత "లిఫ్ట్ పనిచేయదు", దాని వెనకే "మెట్లు", ఆఖర్న ఉరుములతో "వాన".

"చూడు తల్లీ, ఎంత తెలివిగా పేర్చినారో!" అని కిరణ్మయికి వందసార్లయినా చెప్పి ఉంటాడు. "లిఫ్టు చెడిపోయింది. ఏం చేయాల? మెట్లెక్కాల. ఎక్కితే యాడికి పోతావు? మిద్దె మిందికి. అక్కడేముండాది? వాన! ముఖం మీద టపటపా కొడతాది. ఇట్లా వరస పెట్టినోడికి దండం పెట్టాల."

బ్యాండుకు పదేళ్ళు నిండిన సందర్భంగా మాదాపూర్‌లో ఆరుబయట పెద్ద కచేరీ పెడుతున్నామని, అందులో రెండో ఆల్బమ్ మొత్తం వాయిస్తామని కబురొచ్చింది. ఆ ఆల్బమ్ మీకెందుకిష్టమో వాయిస్ మెసేజ్ పంపమని అభిమానుల వాట్సాప్ గ్రూపులో అడిగారు. బస్సులో అందరూ ఒకే మాట మీద పుల్లయ్యను ముందుకు తోశారు. కిరణ్మయి ఫోన్ పట్టుకుంది. పుల్లయ్య గొంతు సవరించుకుని మూడు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా ఆ వరస గొప్పతనం గురించి చెప్పాడు. పంపాక వక్కపొడి నోట్లో వేసుకుని గర్వంగా నవ్వుకున్నాడు.

ఆ గర్వం మర్నాటి పొద్దుటిదాకే. గ్రూపు నడిపే లోహిత్ కూడా ఆ బస్సులోనే వెళ్తాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయడు కాబట్టి బస్సులో ఏ పాటొస్తుందో అతనెప్పుడూ వినలేదు. ఆరోజు ఎక్కుతూనే పకపకా నవ్వాడు.

"అంకుల్, మీరు చెప్పిన వరస అసలు ఆల్బమ్‌లోనే లేదు! ఫస్ట్ సాంగ్ 'వాన'. లాస్ట్ సాంగ్ 'అమ్మ ఫోను'. 'లిఫ్ట్' రెండోది, 'మెట్లు' ఐదోది. మీ స్టీరియో ఇంగ్లీషు స్పెల్లింగుల ప్రకారం ఏబీసీడీ వరసలో వాయిస్తోంది, అంతే. అదే అ ఆ ఇ ఈల వరసైతే మెట్లెక్కేశాక లిఫ్టు పాడయ్యేది!"

బస్సంతా గొల్లుమంది. సాయంత్రానికల్లా గ్రూపులో కొత్త పేరు పుట్టింది, ఏబీసీడీ పుల్లయ్య. ఒకడు పలకా బలపం పట్టుకున్న డ్రైవరు బొమ్మ గీసి పెట్టాడు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు, కానీ నవ్వు దొరికితే వదలరు.

పుల్లయ్యకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఆరేళ్ళుగా చక్రం తిప్పుతున్న మనిషిని జనం అడిగిందేమిటి? ఎడమకు తిప్పు, ఇక్కడ ఆపు, ఎందుకింత ఆలస్యం. నీకేమనిపిస్తోందని ఎవరైనా అడిగింది ఈ పాటల గురించే. ఆ ఒక్క విషయంలో తన మాటకు విలువుందనుకున్నాడు. ఇప్పుడు అదీ పోయింది. మర్నాటి నుంచి బస్సులో పాట లేదు. ఇంజిన్ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

నాలుగో రోజు కిరణ్మయి ఉండబట్టలేకపోయింది. "తప్పు నాదేనండి. పాటల పేర్ల ముందు నంబర్లు చూడ్డానికి బాగోలేదని నేనే తీసేశాను. నచ్చిన పాట పెట్టుకుని వినడమే గానీ, అసలు వరస నేనెప్పుడూ పట్టించుకోలేదండి."

"నువ్వు తీసినావు, మిషను పేర్చింది, నేను మెచ్చుకున్యా. ముగ్గురం కలిసి ఎంత పని చేసినామమ్మా!" అని పుల్లయ్య నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. చివరికి అడిగాడు, "ఆ అసలు వరసలో ఇంకో పెన్‌డ్రైవ్ ఇస్తావా?"

ఆమె మర్నాడే ఇచ్చింది. మధ్యాహ్నం ఖాళీ బస్సును చెట్టు నీడన ఆపుకుని, క్యారేజీ పక్కన పెట్టి, పుల్లయ్య మొత్తం విన్నాడు. మొదటిసారి కోపంతో విన్నాడు. కోపంతో విన్నది లెక్కలోకి రాదని మళ్ళీ మొదటి నుంచి విన్నాడు. న్యాయంగా వినాలని కళ్ళు మూసుకుని విన్నాడు. విన్నకొద్దీ అతని భుజాలు పైకి లేచాయి. కిరణ్మయికి ఫోన్ చేసి, సాయంత్రం ఇంకో మెసేజ్ పంపాలన్నాడు.

"వద్దండి, మళ్ళీ నవ్వుతారు," అంది ఆమె.

"నవ్వనీ. పండ్లు వాళ్ళవి, పాటలు అందరివీ."

ఆ రెండో మెసేజ్ ఇదీ: "నేను ముద్దనూరు పుల్లయ్యను మాట్లాడతాండా. నన్ను ఏబీసీడీ అంటాండారు, అనుకోండి. ఇప్పుడు మీ వరస గూడా విన్యా. నాయనా, మీ వరసే తప్పు. వాన ఫస్టే కురిపిస్తే మిగతా ఏడు పాటలూ తడి బట్టల్తో కూర్చోవాల్నా? లిఫ్టు చెడిపోయినాక మనిషి మెట్ల దావ పట్టకుండా, నడిమధ్యలో రెండు పాటలు కుర్చీలో కూర్చోని దుమ్ము దులుపుకుంటాడా? అమ్మ ఫోను ఆఖర్న పెట్టినారు. అప్పటికి బిడ్డ ఆఫీసులో పడి ఉంటాడు, ఇంగ ఎత్తుతాడా? పొద్దున్నే చేయాల అమ్మ. ఏబీసీడీలకు పాట తెలీదు, నేనూ ఒప్పుకుంటా. కానీ బాగుండేది ఎట్లొచ్చినా బాగుండేదే గదా. నా మాట నమ్మొద్దు. ఒక్కసారి నా బస్సెక్కి వినండి."

గ్రూపులో నవ్వు బొమ్మలు వచ్చాయి గానీ మునుపటంత జోరుగా రాలేదు. ఒకరిద్దరు నిజంగానే ఆ వరసలో విని చూశారు. విన్నవాళ్ళు నవ్వలేదు. లోహిత్ కూడా ఇయర్‌ఫోన్లలో విన్నాడని, విని ఎవరికీ చెప్పలేదని తర్వాత తెలిసింది.

గురువారం పొద్దున మియాపూర్‌లో ఒకమ్మాయి బస్సెక్కింది. నల్ల చొక్కా, కాయలు కాచిన అరచేతులు. లోహిత్ ఆమెను చూసి సీట్లోంచి లేచి నిలబడిపోయాడు. ఆమె ఉదయశ్రీ, గుండురాయిలో డ్రమ్ములు వాయించే సిద్దిపేట పిల్ల. పాటల వరస ఖాయం చేసేది కూడా ఆమే. కిరణ్మయి తన పక్కనున్న బ్యాగు తీసి చోటిచ్చింది.

"పెట్టుండ్రి అంకుల్, పాటలు ఇంట," అంది ఉదయశ్రీ.

పుల్లయ్య పాత పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఆ రోజు ఒక్క "మెట్లు" అప్పుడే కాదు, ఎనిమిది పాటలకూ ఎవరూ నోరు మెదపలేదు. సైబర్ టవర్స్ దగ్గర "వాన" ఆగిపోయాక ఉదయశ్రీ లేచి తలుపు దాకా వచ్చింది.

"కొండాపూర్ల మూడుసార్లు బ్రేకేసిన్రు. 'దుమ్ము'ల నా డ్రమ్మే ఇనబడలే."

"ఆటోలు అడ్డమొచ్చినాయి తల్లీ," అన్నాడు పుల్లయ్య చిన్నబోయి. "మరి వరస ఎట్లుండాది?"

ఆమె జవాబు చెప్పకుండా దిగిపోయింది. పుల్లయ్య రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆదివారం సాయంత్రం కచేరీకి బస్సువాళ్ళందరూ వచ్చారు. పుల్లయ్య భార్య వెంకటలక్ష్మి కూడా చెవుల్లో దూది పెట్టుకుని మరీ వచ్చింది. మొదటి పాట "వాన" అని అందరికీ తెలుసు. ఉరుము మొదలవగానే వీడియో తీద్దామని వేల ఫోన్లు పైకి లేచాయి. దీపాలారిపోయాయి.

చీకట్లో ఎక్కడో ఫోను మోగింది.

జనమంతా ఎవరి ఫోను వాళ్ళు చూసుకున్నారు. మోగుతున్నది స్టేజీ మీద. రెండో రింగుకు గిటారు అందుకుంది. "అమ్మ ఫోను"! పుల్లయ్య కిరణ్మయి వంక చూశాడు, కిరణ్మయి పుల్లయ్య వంక చూసింది. వెంకటలక్ష్మి ఒక చెవిలో దూది తీసేసి, "ఇది బాగానే ఉండాదే!" అంది.

"బ్యాడ్జి", "చౌరస్తా", "దుమ్ము", "కుర్చీ". ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. "లిఫ్ట్ పనిచేయదు" ముగిసి "మెట్లు" ఎత్తుకోగానే బస్సువాళ్ళు ముప్పై మందీ చుట్టూ ఉన్నవాళ్ళను ఉష్ అని గద్దించారు. ఒకరిని చూసి ఒకరు, ఆ మైదానమంతా నిశ్శబ్దమైపోయింది. అంతమంది ఊపిరి బిగబట్టి తన పాట వింటుంటే పుల్లయ్య కళ్ళు నీళ్ళతో నిండాయి. తువ్వాలుతో తుడుచుకున్నాడు, ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోలేదు.

పాట అయ్యాక ఉదయశ్రీ మైకు తీసుకుంది. "ఏడేండ్లు మా ఆల్బమ్‌ను మేమే తప్పు వరసల వాయించినం. ఇయ్యాల్టి వరస మాది కాదు. మియాపూర్ బస్సు పుల్లయ్యగారిది. ఇగ మా ఆల్బమ్ గిట్లనే ఉంటది."

పుల్లయ్య ఊరుకోవచ్చు కదా! అబద్ధం మీద పొగడ్త పడితే అరగని మనిషి. కుర్చీ మీదికెక్కి గొంతు చించుకుని అరిచాడు. "నాది గాదు తల్లీ! అది ఏబీసీడీలది!"

ఉదయశ్రీ ఆ గొంతు గుర్తుపట్టి నవ్వింది. "ఏబీసీడీలకు చెవులుంటయా అంకుల్? పేర్చింది మిషనే. ఇన్నది మీరు."

లోహిత్ ఒక్కసారిగా రెండు చేతులూ పైకెత్తి "ఏబీసీడీ!" అని కేక పెట్టాడు. ముందు బస్సువాళ్ళు అందుకున్నారు, తర్వాత వరస వరసా అందుకుంది. రెండు వారాల కిందట వెక్కిరింపుగా పుట్టిన పేరును వేలమంది జేజేలు కొట్టినట్టు కొడుతున్నారు. ఆ కేకల మీదుగా ఉదయశ్రీ డ్రమ్ముల మీద మొదటి ఉరుము ఉరిమింది.

"వాన" మొదలైంది. రోజూ సైబర్ టవర్స్ ఇంకాస్త దూరం ఉందనగా, సరిగ్గా ఈ దరువు దగ్గరే, పుల్లయ్య టాప్ గేరు వేస్తాడు. కుర్చీ మీద నిలబడే అతను ఎడమ చెయ్యి చాపి, లేని గేరు వేశాడు.