ఒక్క కీ, రెండు కంప్యూటర్లు

నరసన్నపేటలో ఫొటో స్టూడియో నడిపే కొండబాబుకి కెమెరా పట్టుకుంటే ఎంత ధీమానో, కంప్యూటరు ముందు కూర్చుంటే అంత బెరుకు. ఆ పని ఎప్పుడూ ధనరాజ్‌ది. చిన్ననాటి స్నేహితులిద్దరూ కలిసి పెట్టిన స్టూడియో అది. ఇతను ఫొటోలు తీసేవాడు, అతను ఆల్బమ్‌లు తయారుచేసేవాడు. ఒక పెళ్లిలో తలంబ్రాల ఫొటోలన్నీ పోయాయి. కెమెరా మెమరీ కార్డు ఖాళీగా ఇచ్చావని అతనూ, చూసుకోకుండా చెరిపేశావని ఇతనూ పెళ్లివారి ముందే మాటలనుకున్నారు. ధనరాజ్ కంప్యూటరు పట్టుకుని కోటబొమ్మాళి వెళ్లి వేరే కొట్టు పెట్టుకున్నాడు. కెమెరా, పాత కొట్టు కొండబాబుకి మిగిలాయి. మాటలు మాత్రం ఇద్దరికీ మిగల్లేదు.

అప్పట్నుంచీ ఆల్బమ్ పని బయట చేయించుకుంటున్న కొండబాబు, ఈ ఏడు మాఘం ముహూర్తాల ముందు కొత్త కంప్యూటరు కొన్నాడు. విండోస్ వేయించుకోలేదు. ఇద్దరూ కలిసి కొన్న పాత విండోస్ పెట్టె బీరువాలోనే ఉంది, అట్ట మీద దాన్ని చెల్లుబాటు చేసే అక్షరాలూ అంకెల వరుస, కీ, కూడా ఉంది. ఫోన్‌లో వీడియో చూస్తూ తనే ఎక్కించుకున్నాడు. తీరా కీ కొడితే, అది ఇప్పటికే వేరే కంప్యూటరులో వాడుకలో ఉంది, ఇక్కడ చెల్లదు అని వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

"ఆ కంప్యూటరు ధనరాజన్నయ్య కాడే కదా ఉన్నాది. ఆయన్నే అడగండి," అంది భార్య కన్యాకుమారి.

రెండ్రోజులు వినిపించుకోలేదు. మూడోనాడు పెట్టె సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. పెట్టె తన దగ్గరుంది కనక కీ తనదే. అడిగి తీసేయిస్తాను, అంతే. దారంతా ఆ ఒక్క మాటే సరిచూసుకున్నాడు.

ధనరాజ్ ఎవరికో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్నాడు. తలెత్తి, "ఏటి బావా, ఇలగొచ్చినావు?" అన్నాడు, నిన్న కూడా చూసినట్టే.

కొండబాబు సంగతి చెప్పాడు.

"కీ ఒక్కదాన్లోనే పన్జేస్తాది బావా. నీకు కావాలంటే దీన్లోంచి తీసెత్తాను," అంటూ ధనరాజ్ మౌసు మీద చెయ్యి వేశాడు.

కొండబాబు ఆ కంప్యూటరు వైపు చూశాడు. కలిసున్నప్పటి పాతదే. కీబోర్డు మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. కొట్టులో మరొకటి లేదు. ఇన్నాళ్లూ వాడు పెద్ద వాటా పట్టుకుపోయాడనే అనుకున్నాడు. కెమెరా తన దగ్గరే ఉండిపోతే, వాడు మళ్లీ కెమెరా కొనుక్కోవలసి వచ్చిందన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు.

"వద్దురా, ఉండనీ. నేను కొత్తది కొనుక్కుంటాను."

"కోపఁవా?"

"కోపం లేదు. టీ తాగుదారి, రా."

టీ కొట్టు దగ్గర పోయిన ఫొటోల ఊసు ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తినా తేలేది కాదు.

డబ్బు కట్టి తెప్పించుకున్న కొత్త కీ వచ్చింది. కొడితే, కీ సరైనది కాదు అని వచ్చింది. ఈసారి భార్య చెప్పేదాకా కొండబాబు ఆగలేదు, తనే ఫోన్ చేశాడు.

"కీ సదువు," అన్నాడు ఫోన్‌లో ధనరాజ్.

ఒక్కొక్క అక్షరమే చదివాడు.

"సున్నా అన్నావేటి? కీలో సున్నా ఉండదు బావా. అది డీ. అద్దాలెట్టుకుని సూడు."

అద్దాలు పెట్టుకుని చూశాడు. డీయే. మార్చి కొట్టాడు. యాక్టివేట్ అయిందన్న మాట తెర మీద కనబడింది.

"అయ్యిందిరా."

"అయితే మంచిది." ధనరాజ్ వెంటనే ఫోన్ పెట్టేయలేదు. "దశమి ముహూర్తానికి నాకు రెండు పెళ్లిళ్లు పడ్డాయి. ఒకటి నువ్వు తీస్తావేటి?"

స్టూడియోలు మళ్లీ కలవలేదు. కలుపుదామని ఎవరూ అనలేదు కూడా. కాని ఆ దశమినాడు ఒక పెళ్లికి కొండబాబు వెళ్లాడు. మండపం దిగకముందే కార్డు తీసి, రెండో పెళ్లి ముగించుకుని వచ్చిన ధనరాజ్ ఎదురుగా రెండు చోట్ల కాపీ చేసి, అప్పుడు భోజనానికి లేచాడు.