బాపు ఆంప్లిఫయర్‌లో గుయ్యిమనే మోత

వేడెక్కిన వాల్వుల మీద దుమ్ము కాలే వాసన గుర్తుందా, మన గోదావరిఖని క్వార్టర్ల దోస్తులూ? మా బాపు కాలనీ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించిన ఆంప్లిఫయర్ నుంచి ఈ మధ్యాహ్నం అదే వాసన వచ్చింది. దాంతోపాటే ఆ పాత గుయ్యిమనే మోత.

బొగ్గు గనిలో నైట్ షిఫ్టు దిగినవాళ్లు పగలు పడుకుంటే మీ ఇళ్లలో అందరూ గుసగుసలే కదా! మా ఇంట్లో మాత్రం గిటార్ తగిలించకుండానే అమ్మ ఆంప్లిఫయర్ ఆన్ చేసేది.

"బాయిల గాలి పంపే ఫ్యాను గిట్లనే మోగుతదట. గీ సప్పుడు లేకుంటే మీ బాపుకు నిద్ర పట్టది" అనేది.

బాపు రిటైరై చాలా ఏళ్లయింది. మళ్లీ వాయిస్తాడేమోనని దాన్ని బాగుచేయడానికి కూర్చున్నాను. వాల్వులు మార్చాను, ఎర్త్ వైరు చూశాను, విసిగిపోయాను. చివరికి ఉబ్బిపోయిన కెపాసిటర్ మార్చగానే మోత ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే, పక్క గదిలో పడుకున్న బాపు ఉలిక్కిపడి లేచాడు.

"ఫ్యాను ఆగింది బిడ్డా! గాలి బందైతది. అందర్నీ లేపు, జల్ది పైకి పోదాం!"

ఆయన తలమీద సీలింగ్ ఫ్యాను తిరుగుతూనే ఉంది.

పారేసిన కెపాసిటర్‌ను చెత్తబుట్టలోంచి తీసి, మళ్లీ అతికిస్తున్నాను.