లచ్చవ్వ కొంగులో వాన

మా అమ్మాయి కథల పుస్తకం అచ్చవుతోందండీ! మా రమ్య! కెనడాలో పుట్టి, ఇంగ్లీషులో కవితలు రాసే మా రమ్య మొదటి కథల పుస్తకం! ఒషావాలో మా వంటింట్లో పొద్దున్నుంచి నాకు కాలు నిలవడం లేదు...

కానీ ఒక చిక్కు వచ్చిపడింది. చివరి కథ మా అమ్మ చెప్పినది. దానికి ముగింపు లేదు. తప్పు నాది.

మా చిన్నప్పుడు... నిజామాబాద్ దగ్గర మా ఊళ్లో అమ్మ బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. బడి నుంచి రాగానే అక్కా నేనూ దారాలు కట్టాలి. మేం మధ్యలో లేచి వెళ్లకుండా అమ్మ అప్పటికప్పుడు కథ అల్లి చెప్పేది. చివరి ఆకు దగ్గరికి వచ్చేసరికి కథ కూడా సరిగ్గా ముగిసేది!

ఒక రోజు చెప్పిన ఈ కథలో, గొర్రెలు కాసే లచ్చవ్వ దొర చేలోనే కురుస్తున్న వానను కొంగున మూటగట్టుకుని పరుగు తీసింది. బయట పిల్లల గోటీలాట, అదే గోలీలాట, మొదలైంది... నేను మెల్లగా ఒక ఆకు కట్టను గోనెసంచి కింద దాచేశాను. కథ సగంలో ఉండగానే ఆకు అయిపోయింది. అమ్మ చాట దులిపి లేచింది.

మర్నాడు అడిగితే, "నిన్నటి కథ నిన్నటి ఆకుతోనే పాయె బిడ్డా," అంది.

రమ్యకు ఇది ఇవాళే చెప్పాను.

"డాడీ! సో యూ కిల్డ్ ది ఎండింగ్?"

"గోటీలాట కోసం తల్లీ..."

"ఫ్రైడేకి ఫైనల్ కాపీ పంపాలి డాడీ. ఐ వోంట్ ఇన్వెంట్ ఇట్. నానమ్మ ఎండింగే కావాలి."

అమ్మ లేదు. నేను చదివింది ఏడో తరగతి. నా బిడ్డ ఇంగ్లీషు పుస్తకం చదవడమే రాని వాణ్ణి, దానికి ముగింపు ఎక్కడి నుంచి తేను? సంతోషంతో ఏడుపొస్తోంది, ఏం చేయాలో తోచడం లేదు...

అప్పుడు చేతులు పనిలో ఉంటే చెవులు కథలో ఉండేవి. ఇప్పుడు రెండూ ఫోనుకే... మీ ఇళ్లల్లో సగంలో ఆగిన కథలుంటే రాయండి. మావాళ్లెవరైనా ఇది చూస్తే, వీళ్లకు ముందు శుభవార్త చెప్పి, తర్వాత లచ్చవ్వ ఏమైందో అడగండి:

కామారెడ్డిలో మా అక్క. అమ్మ ఆమెకు తర్వాతెప్పుడైనా చెప్పిందేమో.

లండన్‌లో మా తమ్ముడి కూతురు... మన ఒంటారియో లండన్‌లోనే.

"కథలు రాస్తే ఏమొస్తది?" అన్న మా బావ. ఆయనకు శుభవార్త రెండుసార్లు చెప్పండి.

మా రాజవ్వ చిన్నమ్మ. అమ్మ పక్కనే కూర్చుని చుట్టేది. తెలిస్తే ఆమెకే తెలియాలి. చెవులు వినపడవు... కొంచెం గట్టిగా అడగండి.