ముందు సీసా, వెనక సీసా

నా చిన్నప్పుడు, తమ్ముడు కడుపులో ఉండి అమ్మకు ఒంట్లో బాగాలేని రోజుల్లో, నన్ను కోరుట్ల నుంచి జగిత్యాలకు తీసుకుపోయి మా మేనత్త దగ్గర వదిలారు. అత్తకు పిల్లల్లేరు. మామయ్య పోయాక ఆయన పనిచేసిన ఆఫీసులోనే ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. ఇంట్లో నన్ను చూసుకునేవాళ్ళు ఎవరూ లేక తన వెంటే ఆఫీసుకు తీసుకుపోయేది.

ఆమెకు అప్పగించింది సామాన్ల గది. కాగితాలు, కార్బన్లు, సిరా సీసాలు, జిగురు, గుండుసూదులు, ఫైళ్ళు కట్టే ట్యాగులు అన్నీ అక్కడే. గదికి కిటికీ లేదు. కరెంటు ఉంటే ఒక బల్బు, పోతే అదీ లేదు. పొద్దున లోపలికి పోతే సాయంత్రం దాకా అత్తకు ఆకాశం కనిపించేది కాదు. నాకైతే ఆ గది గడప దగ్గరే ఊపిరి బిగుసుకుపోయేది.

అత్తకు ఒక పట్టుదల ఉండేది. ఏ వస్తువు చోటు దానిదే. ప్రతిదీ ముందు ఒకటి, దాని వెనక ఇంకొకటి. ముందుది వాడుకోవచ్చు, వెనకది ముట్టుకోవడానికి వీల్లేదు. ముందుది అయిపోయిన రోజే వెనకది ముందుకు జరిపి, కొత్తది తెప్పించి వెనక పెట్టేది. ఆఫీసు వాళ్ళు ఆమెను ఆటపట్టించేవారు. "గీ అక్క కాడ గుండుసూది తీస్కున్నా మల్ల తెచ్చి అప్పజెప్పాలె" అని గుమాస్తా ఒకాయన నవ్వేవాడు. అత్త కూడా నవ్వేది కానీ, చేతులు మాత్రం సర్దుతూనే ఉండేవి. ఇంత చాదస్తం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం అత్త పెద్ద సారుకు కాగితాలు ఇవ్వడానికి పోయింది. అంతలో గాలివాన మొదలైంది. జల్లు వరండా దాటి గదిలోకే కొడుతోంది. వాన వస్తే కాగితాలు తడవకుండా తలుపు వెయ్యాలని అత్త ఎప్పుడూ చెప్పేది. గాలికి తలుపు నిలవడం లేదు, బయటి గొళ్ళెం నాకు అందదు. బల్బు వెలుగుతోందన్న ధైర్యంతో లోపలికి పోయి గడియ పెట్టాను. ఆ కాసేపటికే కరెంటు పోయింది.

వాన తగ్గాక గడియ తియ్యబోతే రాలేదు. ఆ వానాకాలం ముసుర్లకు నాని ఉబ్బిన తలుపు, దానికి తుప్పు పట్టిన గడియ. రెండు చేతులతో లాగాను. వేళ్ళు మండాయి గానీ అది కదల్లేదు. నా చెయ్యి నాకే కనిపించని చీకటి. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది. గడియ రావడం లేదని అరిచాను. అరిచేకొద్దీ గాలి చాలనట్టు అయింది.

బయట జనం చేరారు. తలుపు పగలగొడదామని గుమాస్తా గొంతు వినిపించింది.

"వద్దు సారూ! తలుపు పక్కనే సిరా సీసాల బీరువా ఉన్నది. గుద్దితే పిల్ల మీద పడ్తది" అంది అత్త. తర్వాత ఆమె గొంతు తలుపు సందులోంచి, నా చెవి దగ్గరే వినిపించింది. "బిడ్డా, నేను ఈడనే ఉన్న. ఏడువకు. కుడి చెయ్యి దిక్కు గోడ పట్టుకొని పో. నీ ఛాతీ అంత ఎత్తుల అర ఉన్నది. గా మూలకు టైపు మిషన్ నూనె సీసా ఉంటది."

తడుముకుంటూ పోయాను. సరిగ్గా ఆ మూలనే సీసా చేతికి తగిలింది. కానీ ఊపితే చప్పుడు లేదు.

"అత్తా, దీంట్ల నూనె లేదు!"

ఎవరో వాడుకుని, చెప్పకుండా ఖాళీది అక్కడే పెట్టేశారు. బయట గుమాస్తా మళ్ళీ తలుపు పగలగొట్టే మాటే ఎత్తాడు. ఇక నన్ను ఎవరూ తియ్యలేరనుకున్నాను. అత్త ఒక్కతే తొణకలేదు.

"దాని ఎనక చెయ్యి పెట్టు."

పెట్టాను. నిండు సీసా.

గడియ మీద నూనె పోశాను. అది లోపలికి దిగేదాకా ఆగాలంది అత్త. ఆ ఆగడమే నాకు నరకం. అప్పుడు ఆమె నన్ను ఊరికే నిలబడనివ్వలేదు. పై అరలో ఏమున్నదో చెప్పమంది. చేతికి నున్నగా తగిలింది, కార్బన్ కాగితం. దాని పక్కన ఏమిటంది. మెత్తటి దారాల కట్ట, ట్యాగులు. ఆ పక్కన జిగురు సీసా, వాసనే చెప్పింది. ఒక్కో వస్తువు పేరు చెబుతుంటే, నా చుట్టూ ఉన్న చీకటికి మూలలూ అరలూ వచ్చాయి. ఊపిరి మామూలుగా ఆడుతోందని అప్పుడు గమనించాను.

చివరికి కింది అరలోని రూళ్ళకర్ర తీసుకుని కొట్టమంది. బయట నుంచి తను భుజంతో తలుపును అదిమి పట్టింది. కొట్టాను, మళ్ళీ కొట్టాను. గడియ కిర్రుమని జరిగింది. తలుపు తెరుచుకోగానే అత్త నన్ను గుండెకు హత్తుకుంది. అప్పుడు తెలిసింది, అంతసేపూ నిబ్బరంగా మాట్లాడిన మనిషి ఒళ్ళంతా వణుకుతోందని.

ఇంటికి పోయేటప్పుడు అడిగాను, ఆ గదిలో ఎట్లా కూర్చుంటావని.

"మొదలు నేను కూడ ఏడ్చిన బిడ్డా. అన్ని కుప్పలు పోసి ఉండె. గీ గదిల పడి సస్తననుకున్న. ఒక్కోటి సదురుకుంట పోయిన. ఏది యాడున్నదో చేతికి ఎరుకైనంక గది జర పెద్దగైంది" అంది.

ఇప్పుడు నేను సిరిసిల్లలో నా ఇంట్లోనే కొడుకూ కోడలితో ఉంటున్నాను. నీటికాసుల జబ్బుతో చూపు చాలావరకు పోయింది. ఇక రాదని డాక్టరు చెప్పాడు. మొదట్లో ఇంట్లో వాళ్ళు ప్రేమ కొద్దీ నన్ను మంచం మీద నుంచి లేవనిచ్చేవారు కాదు. మంచినీళ్ళకు కూడా ఎవరినో పిలవాలి. నలభై ఏళ్ళు నేను తిరిగిన ఇంట్లోనే నన్ను బంధించినట్టు ఉండేది. చాటుగా ఏడ్చుకున్నాను కూడా. ఒకరోజు కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే అడిగాను, ఏ వస్తువు తీసినా మళ్ళీ దాని చోటనే పెట్టమని. అత్త సంగతి కూడా చెప్పాను. ఇద్దరం కలిసి వంటింట్లో ప్రతి అరా సర్దుకున్నాం.

ఈ రోజు పొద్దున చాయ్ నేనే పెట్టుకున్నాను. చక్కెర కోసం చెయ్యి చాపుతుంటే, పక్క గదిలోంచి కోడలు, "అత్తమ్మా, ఉన్న కాడనే పెట్టిన" అంది. ఉన్నచోటనే ఉంది. గిన్నెలో చాయ్ పొంగే చప్పుడు వినిపిస్తుంటే, నా ఇంట్లో నేను నిలబడి ఉన్నాననిపించింది.